మా వేలం హాలు ఎర్రయ్య పలకతో మొదలైంది

మా వేలం హాలు చరిత్రని కంపెనీ వాళ్ళు నున్నటి కాగితం మీద పుస్తకంగా అచ్చు వేయించారు. మొదటి పేజీలోనే ఒక చెక్క పలక ఫోటో ఉంటుంది. దాని కింద "అజ్ఞాత శిల్పి, అండమాన్ దీవులు" అని రాశారు. ఆ అజ్ఞాత శిల్పి పేరు ఎర్రయ్య. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. చేపలు పట్టేవాడు. ఆ పేరు నాకు తెలుసు. తెలిసీ తెలియదన్నాను.

నేను ఆ హాల్లో ముప్పై ఏళ్ళకు పైగా వేలం పాట పెట్టాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "అంకుల్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్ళకి కావలసింది ఏ బొమ్మ ఎంతకు పోయిందన్న కబుర్లు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ మంత్రిగారు నాతో చేయి కలిపారో ఇక్కడ రాయను. అవి నాకే గుర్తు లేవు. ఈ పని అసలు ఏమిటో మాత్రం రాస్తాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదని తెలుసు. మీ అమ్మల చేత చదివించుకోండి. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

ఒడ్డు మీద నేర్చుకున్న పని

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వల, తెడ్డు పట్టుకుని ఈ దీవులకొచ్చాడు. దేశానికి స్వతంత్రం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇక్కడ భూమి ఇస్తారట, సముద్రం నిండా చేపలట అని విని ఓడెక్కినవాళ్ళలో ఆయనొకడు. నాకు సముద్రం పడలేదు. పడవెక్కితే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. మా వాళ్ళు నన్ను చూసి, "ఈడు గట్టు మీద రొయ్యరా" అని నవ్వేవారు. కాని దేవుడు గొంతు ఇచ్చాడు. అందుకని ఒడ్డు మీద చేపల పాట పెట్టే పని నాకు అప్పజెప్పారు.

పాట అంటే మీకు తెలిసిందే. పడవలు రాగానే చేపల గంపలు వరసగా పెడతారు, అమ్ముకునే ఆడవాళ్ళు చుట్టూ చేరతారు, నేను ధర అరుస్తాను, వాళ్ళు పాడుతూ పోతారు. ఎవరూ పైన పాడకపోతే మూడుసార్లు చెప్పి గంప ఇచ్చేస్తాను. ఇందులో రాతకోతలు లేవు. నోటి మాటే కాగితం.

ఆ ఒడ్డున ఒక ఆచారం ఉండేది. ఇంట్లో మగవాణ్ణి సముద్రం తీసుకుపోయిన ఆడమనిషి పాటకు వచ్చి, ఏదైనా గంప మీద అరచెయ్యి వేస్తే, పాట అక్కడికి ఆగిపోవాలి. అప్పటికి ఎంత పలికిందో అంతకే ఆ గంప ఆమెది. ఎవరూ పైన పాడరు. పాట పెట్టేవాడు నోరు మూసుకుని ఆగుతాడు. ఆ ఆగడమే ఒప్పుకోవడం. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. నేను చూస్తూ పెరిగాను, నేనూ ఎన్నోసార్లు ఆగాను. మంచి వంజరం గంప మీద చెయ్యి పడినప్పుడు మిగతా ఆడవాళ్ళు లోపల ఉసూరుమనేవారేమో గాని, పైకి ఒక్కరు కూడా మాట అనేవారు కాదు.

సేన్ బాబు

హాడో అనే పేటలో రేవు పక్కన రేకుల గోడౌన్ ఒకటి ఉండేది. అందులో సేన్ బాబు అనే బెంగాలీ ఆయన పాత సామాను వేలం వేసేవాడు. తూర్పు బెంగాల్లో ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన కుటుంబం ఆయనది. అంతకుముందు కలకత్తాలో ఏదో పెద్ద వేలం ఇంట్లో బొమ్మలకు చీటీలు రాసేవాడట. ఇక్కడ బదిలీ మీద వెళ్ళిపోయే ఆఫీసర్ల మంచాలు, అద్దాలు, పడౌక్ అనే ఇక్కడి ఎర్రచెక్క బీరువాలు, ఇంగ్లీషువాళ్ళు వదిలేసిన చిత్రపటాలు అమ్మేవాడు. ఆయన ఒకరోజు చేపలు కొనడానికి ఒడ్డుకొచ్చి నా గొంతు విన్నాడు. హిందీలోను, తెలుగులోను, కాస్త బెంగాలీలోను ఊపిరి తీయకుండా ధర అరవగలవాడు ఆయనకు కావాలి. వారం తిరిగేసరికి నేను గోడౌన్‌లో ఉన్నాను.

అక్కడి గుమాస్తాలు నన్ను "మచ్లీవాలా" అనేవారు, చేపలవాడని. నేను పక్కనుంచి వెళ్తే ముక్కు మూసుకునేవారు. నేను రెండుసార్లు స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళేవాణ్ణి. అయినా మూసుకునేవారు. ఆ మంట ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పినా మీకు అర్థం కాదు. తర్వాత జరిగినదానికి అది సాకు కాదు గాని, కారణం మాత్రం అదే.

సేన్ బాబు మంచి గురువు. పటాన్ని ముందు వెనక్కి తిప్పి చూడమనేవాడు. మేకులు, చెదలు, అతుకులు అబద్ధం ఆడవనేవాడు. ఒకసారి ఖైదీల కాలం నాటి కుర్చీ అని ఎవరో తెచ్చారు. తిప్పి చూస్తే మరలు కొత్తవి. నేను ఆ మాట అనగానే ఆయన వేలం మధ్యలో ఆ కుర్చీ వెనక్కి తీసేయించాడు. అమ్మకానికి పెట్టిన వస్తువును మాట వచ్చిందంటే ఆపేసేవాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. ఇంకోసారి నేను సముద్రం బొమ్మ ఒకటి తలకిందులుగా పట్టుకుని పాట పెట్టాను. పైన నీలం, కింద నీలం, నాకేం తెలుస్తుంది? ఒక డాక్టరుగారు అలాగే పాడుకుని, అలాగే గోడకు తగిలించుకున్నారు. సేన్ బాబు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. తిట్టలేదు. తెలియకపోవడం ఆయన దృష్టిలో తప్పు కాదు.

పలక

ఎర్రయ్య నాకంటే పెద్దవాడు, అన్నియ్యా అని పిలిచేవాణ్ణి. చేతిలో ఉలి ఉంటే ఆకలి తెలిసేది కాదు ఆ మనిషికి. ఒక వానాకాలం అంతా కూర్చుని తన పడవ ముందు భాగానికి పడౌక్ పలక చెక్కాడు. మధ్యలో గంగమ్మ ముఖం. చుట్టూ చేపలు, తలమీద గంపలతో ఆడవాళ్ళు, ఒక పడవలో వరసగా కూర్చున్న మనుషులు. ఆ మనుషుల్లో ఒకడు పడవ అంచు మీద వంగి వాంతి చేసుకుంటుంటాడు. అది నేను.

"ఏటన్నియ్యా, నన్నిలాగ సెక్కినావు?" అన్నాను.

"నీ బొమ్మ సూసి సేపలు నవ్వుకుంటా వలలో పడతాయిరా" అన్నాడు.

తర్వాతి తుఫాను కాలంలో ఎర్రయ్య, అతని పడవ తిరిగి రాలేదు. మా వాళ్ళు చాలా రోజులు వెతికారు. మనిషి దొరకలేదు, పడవ చెక్క ఒక్కటీ దొరకలేదు. మాలో, సముద్రం ఉంచేసుకున్న మనిషికి అతని పడవ చెక్కను కట్టె మీద పెట్టి దహనం చేస్తారు. ఆ చెక్కే మనిషి. అది కాలాకే కర్మ, అది కాలాకే భార్య గాజులు తీయడం. చెక్క కూడా లేకపోయేసరికి ఎర్రయ్య భార్య పైడమ్మ గాజులతో, బొట్టుతో ఎదురుచూస్తూ ఉండిపోయింది. చంకలో ఏడాది పిల్ల లచ్చిమి.

కొన్ని నెలలకు దూరపు దీవిలో చెట్లు కొట్టే కూలీలకు ఆ పలక ఒడ్డున దొరికింది. వాళ్ళు దాన్ని సేన్ బాబుకు అమ్మారు. నేను గోడౌన్‌లోకి వెళ్ళేసరికి కిటికీ దగ్గర నిలబెట్టి ఉంది. ఉప్పునీళ్ళు గంగమ్మ ముఖాన్ని సగం తినేశాయి. మిగిలిన సగం మరింత అందంగా ఉంది. నిజం చెప్పాలి, అది గొప్ప పని. ఇన్నేళ్ళ తర్వాత, ఎన్నో చూశాక కూడా అదే మాట అంటాను.

సేన్ బాబు దాని ముందు నుంచి కదలడం లేదు. "కిస్నే బనాయా, నూకరాజ్? మాలూమ్ హై?" అన్నాడు. ఎవరు చేశారో తెలుసా అని.

గుమాస్తాలు ఇద్దరు పక్కనే ఉన్నారు. మా వీధివాడు, చేపలు పట్టేవాడు అని నేను అంటే వాళ్ళ ముఖాలు ఎలా మారతాయో నాకు కనబడింది. ఆ పడవలో వాంతి చేసుకుంటున్నవాడు ఎవరో కూడా చెప్పాల్సి వస్తుంది.

"మాలూమ్ నహీ, బాబూ" అన్నాను.

ఆయన కేటలాగులో అజ్ఞాత శిల్పి అని రాసుకున్నాడు. మా గోడౌన్‌కు అదే మొదటి కేటలాగు. అంతకుముందు సుద్దతో నల్లబల్ల మీద రాసేవాళ్ళం. ఈ ఒక్క వస్తువు కోసం కలకత్తా, మద్రాసు సేకరణదారులకు ఉత్తరాలు వెళ్ళాయి.

పాటకు రెండు రోజుల ముందు సామాను జనం చూడటానికి తెరిచి పెట్టాం. ఎవరో చెబితే పైడమ్మ వచ్చి చూసింది. తిన్నగా మా ఇంటికొచ్చింది.

"అది మీ అన్నియ్యే బాబూ" అంది. పలక అనలేదు. "ఇంటికొచ్చేసినాడు. నాకిప్పించు. దహనం సేసుకుంతాను."

ఆ నిమిషంలోనే సేన్ బాబు దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది. కాని వెళ్తే, మొన్న తెలియదన్నావు గదా అంటాడు. అబద్ధమాడానని తెలుస్తుంది. మళ్ళీ చేపల ఒడ్డుకు పంపేస్తాడు. ఇవన్నీ నా తలలో తిరిగాయి. పైడమ్మకు మాత్రం, "సూద్దాంలే వొదినా. పాట రోజున రా" అన్నాను.

"పోనీ నాను ఆ సేన్ బాబునే అడగనా? నాకు హిందీ సరిగ్గా రాదు గాని..."

"ఒద్దొద్దు. నానున్నాను గదా."

"అవున్లే, నువ్వున్నావు" అంది. ఆ మాటతో ధైర్యంగా వెళ్ళిపోయింది.

పాట రోజు

ఉదయం పదింటికే గోడౌన్ నిండింది. కలకత్తా నుంచి ఓడలో వచ్చిన సేకరణదారు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఖద్దరు జుబ్బా, మెత్తని మాట. ఎప్పుడూ లేనిది ఆ రోజు నాకు కోటు తొడిగారు. గుమాస్తాలు నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచారు.

పలక వంతు వచ్చింది. మొదట ఒక ఇంజినీరు పాడాడు. కలకత్తా ఆయన పైన పాడాడు. ఇంజినీరు ఇంకాస్త పెంచాడు. అప్పుడు వెనక నుంచి పైడమ్మ నడిచి వచ్చింది. ఉతికిన చీర, చెవులు బోసిగా ఉన్నాయి. దుద్దులు అమ్మి వచ్చిందని అర్థమైంది. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా పలక దగ్గరికి వెళ్ళి, గంగమ్మ ముఖం మీద అరచెయ్యి వేసింది.

నేను ఆగిపోయాను.

కావాలని ఆగలేదు. ఆలోచించీ ఆగలేదు. ఒడ్డు మీద ఇన్నేళ్ళ అలవాటు నా నోరు మూసేసింది. పైడమ్మ నా వైపు చూసింది. నేను ఆగడం చూసింది. ఒక్కసారి తల ఊపి, చెయ్యి తీసి, గబగబా బయటికి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో నాకు తెలుసు. మోసుకెళ్ళడానికి మనుషుల్ని పిలుచుకు రావడానికి.

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చూడటానికొచ్చిన ఎవరో పల్లె మనిషి బొమ్మను ముట్టుకుని వెళ్ళిందనుకున్నారు. సేన్ బాబు పక్కనుంచి మెల్లగా అడిగాడు. "క్యోం రుక్ గయే? కోయీ బాత్ హై?" ఎందుకాగావు, ఏమైనా ఉందా అని.

ఉందని ఒక్క మాట అంటే చాలు. ఆ కుర్చీ లాగే దీన్నీ వెనక్కి తీయించేవాడు.

"కుఛ్ నహీ, బాబూ" అన్నాను. ఏమీ లేదు.

మళ్ళీ ధర అందుకున్నాను. కలకత్తా ఆయన వేలు ఎత్తాడు. ఇంజినీరు తల అడ్డంగా ఊపాడు. ఏక్ బార్ అన్నాను. దో బార్ అన్నాను. తీన్ బార్ అని సుత్తి కొట్టాను. గొంతు ఎక్కడా వణకలేదు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాతి వస్తువు పెడుతుండగా పైడమ్మ తిరిగి వచ్చింది. వెంట ఎర్రయ్య తమ్ముళ్ళు ఇద్దరు. ఒకడి భుజం మీద వెదురు, ఇంకొకడి చేతిలో పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన కొత్త గుడ్డ. పలక మీద అప్పటికే అమ్ముడైన చీటీ అంటించారు. వాళ్ళకు చదవడం రాదు.

"ఎత్తమంటావా బాబూ?" అంది.

నేను మెట్టు దిగి దగ్గరికి వెళ్ళాను. "వొదినా, అది పాడుకున్నారు" అన్నాను.

"ఎవులు?"

"ఆ కలకత్తా బాబు."

ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. కోపం లేదు ముఖంలో. లెక్క తప్పిన పిల్లకు చెప్పినట్టు నాకు నిదానంగా చెప్పింది. "కాదు బాబూ. నాను సెయ్యేసినాను గదా. నువ్వు ఆగినావు గదా."

చెప్పాల్సిన మాట చెప్పాక

సేన్ బాబు ఏమిటని అడిగాడు. అప్పుడు చెప్పాను, అంతా. ఎర్రయ్య పేరు, దహనం సంగతి, చెయ్యి సంగతి. "పొద్దున చెప్పి ఉంటే తీసేసేవాణ్ణి. సుత్తి పడకముందు చెప్పినా తీసేసేవాణ్ణి" అన్నాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆయనకు. భయపడాల్సిన మనిషే కాదు.

మర్నాడు ఓడ బయల్దేరేలోగా ఆయనే రేవుకు వెళ్ళి కలకత్తా ఆయన్ని బతిమాలాడు. నేను వెనక నిలబడ్డాను. కలకత్తా ఆయన శ్రద్ధగా విని, "దీనికి ఇంత కథ ఉందా! అయితే ఇది ఇంకా అపురూపమైంది" అన్నాడు. ఇవ్వలేదు. ఉత్తరాలు రాశాం. రెండోదానికి, అది చేతులు మారిపోయిందని జవాబొచ్చింది. నేను చేసిన ప్రయత్నం అంతే. ఇంకా చేసి ఉండొచ్చు. చేయలేదు.

ఆ పలకను కలకత్తాలో ప్రదర్శనకు పెట్టారు. పత్రికలు రాశాయి. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అంటూ ఓడల్లో మనుషులు రావడం మొదలుపెట్టారు. మంచాలూ అద్దాలూ అమ్మడం మానేశాం. రేకుల గోడౌన్ స్థానంలో హాలు లేచింది. సేన్ బాబు తర్వాతి కేటలాగు అట్ట మీద ఆ పలక ఫోటోనే వేయించాడు. పేరు వేయమని నేను అడగలేదు, ఆయన వేయలేదు. ఆయన గురించి నాకున్న ఫిర్యాదు అదొక్కటే. నా గురించి ఉన్నవి మీరే చూస్తున్నారు.

చేపల ఒడ్డుకు ఈ సంగతి పాట రోజు సాయంత్రానికే చేరింది. నూకరాజు చెయ్యి మీద పాట కొట్టేశాడని. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్ళూ ఆ ఒడ్డున ఒక్క ఆడమనిషి కూడా గంప మీద చెయ్యి వేయడం చూడలేదు. ఎవరూ వద్దనలేదు. ఒకసారి తప్పిన మాట మీద ఎవరు బరువు పెడతారు?

మీకు చెప్పేది ఒక్కటే. కేటలాగులో అజ్ఞాత అని రాసే ముందు, ఎవరు చేశారో తెలిసినవాడు ఎక్కడో ఉంటాడని గుర్తుంచుకోండి. వాణ్ణి వెతకండి. చాలాసార్లు వాడు మీ హాల్లోనే జీతానికి పనిచేస్తూ ఉంటాడు.

పైడమ్మ

గడ్డితో మనిషి బొమ్మ చేసి కాల్చినా కర్మ చెల్లుతుందని పంతులుగారు చెప్పారు. పైడమ్మ ఒప్పుకోలేదు. "ఆయన కలకత్తాలో ఉంటే ఇక్కడ గడ్డి కాల్సమంటారేటి?" అంది. కులపెద్దలు చెప్పి చెప్పి వదిలేశారు.

బతు బస్తీలో వీధి వీధి తిరిగి చేపలు అమ్మింది. చేతినిండా గాజులు, నుదుట రూపాయంత బొట్టు. మొగుడు పోయిన మనిషికి ఈ సోకేమిటని కొందరు, పిచ్చిదని కొందరు. పేరంటానికి ఎవరూ పిలిచేవారు కాదు. తద్దినానికీ వీల్లేదు. ఏ రోజని పెడతారు? నేను ఎదురైతే, "బాగున్నావా బాబూ" అనేది. ఇంకేమీ అనేది కాదు. కాపురాలు మారి లచ్చిమి బ్రూక్షాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక ముసలితనం అక్కడ గడిపింది.

ఈమధ్యే పోయింది. కబురందగానే వెళ్ళాను. స్నానం చేయించి వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు గాని ఎవరూ ముందుకు కదలడం లేదు. ఒకావిడ చేతిలో పసుపు కుంకుమ పళ్ళెం ఉంది. బొట్టు పెట్టి ముత్తైదువలా పంపాలా, గాజులు తీసేసి పంపాలా? పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. లచ్చిమి నా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, నువ్వే సెప్పు. నాకేటీ తెలీదు. మా నాన్న పోనాడా, నేదా? బొట్టెట్టమంటావా, ఒద్దంటావా? అందరూ వెయిట్ సేత్తన్నారు, జల్దీ సెప్పు."

ఆ పలకను చూసినవాళ్ళలో మిగిలింది నేనే కాబట్టి, ఎర్రయ్య పోయాడని ఆ వాకిట్లో ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట అంటే, అప్పుడే ఆమె చేతిగాజులు పగలగొడతారు. అన్నేళ్ళు పరువు పోగొట్టుకుని కాపాడుకున్న గాజులు.

"పెట్టమ్మా" అన్నాను.

లచ్చిమి తల్లి నుదుట కుంకుమ దిద్దింది. పాదాలకు పసుపు రాశారు, తల్లో పూలు పెట్టారు. బతికుండగా పేరంటానికి పిలవని ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టుకున్నారు. పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు అన్నారు.